కాంక్రీట్ డ్రాయింగ్‌లో స్లాబ్ తీసేసి చెక్క పెడితే అది టింబర్ ఆఫీస్ అయిపోదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఏడంతస్తుల ఆఫీస్, కాంక్రీట్ అనుకుని 9×9 మీటర్ల గ్రిడ్‌తో (అంటే కాలమ్స్ మధ్య దూరం రెండు దిక్కులా 9 మీటర్లు) డ్రాయింగులు సగం పైనే అయిపోయాయి, ఇప్పుడు క్లయింట్ ఎక్కడో టింబర్ ఆఫీసుల ఫొటోలు చూసి మాకూ అదే కావాలన్నాడు, మీ బాస్ ఏమో "గ్రిడ్ అలాగే ఉంచు, స్లాబ్ ప్లేస్‌లో సీఎల్‌టీ (క్రాస్ లామినేటెడ్ టింబర్, పొరలుగా అతికించిన చెక్క ప్యానెల్) వేసేయ్" అన్నారు. మీ డౌట్లు మూడు: మంటకి తట్టుకుంటుందా, నిజంగా గ్రీనేనా, టైమ్ ఎంత కలిసొస్తుంది. మూడూ చెప్తా, కానీ మీరు అడగని ఇంకో రెండు ఉన్నాయి, ఒకటి గ్రిడ్, రెండోది నీళ్ళు, నేను చూసిన ప్రాజెక్టుల్లో తలనొప్పులన్నీ ఆ రెండిట్లోంచే వచ్చాయి, మంట వల్ల ఒక్కటి కూడా రాలేదు.

ముందు మీ బాస్ మాట. కాంక్రీట్ అంటే సైట్‌లో పోసేది, షట్టరింగ్ ఎలా కడితే అలా వస్తుంది, చివరి నిమిషంలో ప్లంబర్ వచ్చి ఇక్కడో హోల్ కావాలంటే స్లీవ్ పెట్టేస్తాం, మర్చిపోతే కోర్ కట్టర్ తెచ్చి కొట్టేస్తాం. సీఎల్‌టీ అలా కాదు, అది కొనుక్కొచ్చే వస్తువు. సన్నటి పలకల్ని ఒక పొర నిలువుగా ఒక పొర అడ్డంగా పేర్చి జిగురు పెట్టి ప్రెస్ చేస్తారు, మూడు పొరలో అయిదో ఏడో, ఆ తర్వాత కంప్యూటర్ మెషీన్ మీద తలుపు కంతలు, పైపు కంతలు, బోల్ట్ గాడులు అన్నీ మిల్లీమీటర్ లెక్కన కోసేసి లారీ ఎక్కిస్తారు. అంటే మీ ప్లంబర్ ఆ హోల్ గురించి ఆలోచించాల్సింది ప్యానెల్ సైట్‌కి వచ్చాక కాదు, ఎన్నో నెలల ముందు, ఆర్డర్ మీద సంతకం పెట్టకముందు. చాలామందికి మింగుడుపడనిది ఇదే, చెక్క కొత్త కాబట్టి చెక్క గురించే భయపడతారు గానీ మారాల్సింది మన అలవాటు.

గ్రిడ్ సంగతికొద్దాం. ఆఫీస్ బిల్డింగ్‌లో ఫ్లోర్ ప్యానెల్‌కి బలం చాలదని ఎప్పుడూ అనిపించదు, ముందు అడ్డం పడేది వైబ్రేషన్. చెక్క తేలిక, ఘనమీటరు 450 నుంచి 500 కిలోలు, కాంక్రీట్ 2400. తేలికైన ఫ్లోర్ మీద ఒకడు గబగబా నడిస్తే పక్క టేబుల్ మీద మానిటర్ ఊగుతుంది. మనిషి నడక సెకనుకి రెండడుగుల చొప్పున ఉంటుంది, దాని రెట్టింపులూ మూడింతలూ కూడా ఫ్లోర్‌ని కదిలిస్తాయి, అందుకే ఫ్లోర్ సహజ ఫ్రీక్వెన్సీ, అంటే అది తనంతట సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె, 8 హెర్ట్జ్‌కి తగ్గితే యూరోకోడ్ (యూరప్ డిజైన్ కోడ్) వాళ్ళు విడిగా లెక్క చూడమంటారు. ఇది లెక్కలోకి తీసుకుంటే 175 మిల్లీమీటర్ల అయిదు పొరల ప్యానెల్ హాయిగా దాటేది సుమారు 5 మీటర్లు, ఏడు పొరలది ఆరు, ఆరు చిల్లర. మీ 9×9 గ్రిడ్‌లో ప్యానెల్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి దాటలేదు కాబట్టి మధ్యలో సెకండరీ బీములు వేయాలి, వాటిని మోసే మెయిన్ బీములు లావెక్కుతాయి, సీలింగ్ కింద రెండు దిక్కుల్లో బీములు, ఇక ఏసీ డక్ట్ వెళ్ళడానికి దారి ఉండదు, ఫ్లోర్ హైట్ పెంచాలి, ఫ్లోర్ హైట్ పెరిగితే అద్దాల ముఖభాగం ఖర్చు పెరుగుతుంది. ఒక్క గ్రిడ్ మార్చనందుకు ఇంత తతంగం.

అదే గ్రిడ్‌ని 6×9 చేసి చూడండి. బీములన్నీ ఒకే దిక్కున, 9 మీటర్ల పొడవు, ప్యానెల్ 6 మీటర్లు దాటుతుంది, ఏడు పొరలు తప్పవు కానీ సెకండరీ బీములు పోతాయి, డక్టులు బీములకి సమాంతరంగా మధ్యలో హాయిగా పరుగెడతాయి. లేదంటే 4.5×9 చేస్తే అయిదు పొరలు చాలు, కాలమ్స్ ఎక్కువవుతాయి. బిల్డింగ్‌లో వాడే చెక్కలో పెద్ద వాటా ఫ్లోర్ ప్యానెళ్ళదే, కాబట్టి ఏడు పొరలా అయిదు పొరలా అన్నది మొత్తం ధరనే కదిలిస్తుంది, రెండూ గీసి రేట్లు తెప్పించుకోండి, నేనైతే ఒకటి బెస్ట్ అని గుడ్డిగా చెప్పను. ఇంకో విషయం, ప్యానెల్ వెడల్పు ఆ ఫ్యాక్టరీ ప్రెస్ మీద ఆధారపడి ఉంటుంది, ఒకరిది 2.4 మీటర్లు, ఒకరిది 3 మీటర్లు, కొందరిది 3.5 దాకా. 9 మీటర్ల బీమ్ మీద 3 మీటర్ల ప్యానెళ్ళు మూడు సరిగ్గా కూర్చుంటాయి, 2.4 వి అయితే మూడు పెట్టాక ఇంకా 1.8 మిగులుతుంది, ఆ చివరి ముక్క కోసం నిండు ప్యానెల్ కోసి పారేయాలి, డబ్బులు మాత్రం నిండుదానికే కట్టాలి. అందుకే సప్లయర్ ఎవరో తేలకముందు గ్రిడ్ ఫ్రీజ్ చేయొద్దంటా. టెండర్ పద్ధతి ప్రకారం డిజైన్ మొత్తం పూర్తి చేసి తర్వాత సప్లయర్ని వెతకడం కాంక్రీట్‌కి నడుస్తుంది, ఇక్కడ అలా చేస్తే డిజైన్ రెండుసార్లు చేయాల్సొస్తుంది, ఫీజు మాత్రం ఒక్కసారే ఇస్తారు.

మంట. దీనికి క్లయింట్‌కి చెప్పడానికి ఒక చిన్న లెక్క ఇస్తా, ఇది చూపిస్తే సగం భయం పోతుంది. సన్నపుల్ల భగ్గుమంటుంది, మొద్దు మాత్రం పైపైన బొగ్గయి ఆ బొగ్గే లోపలికి వేడి పోకుండా అడ్డుకుంటుంది, పొయ్యి వెలిగించిన ఎవరికైనా తెలుసు ఇది. ఆ బొగ్గయ్యే వేగం లెక్కకి అందుతుంది, యూరోకోడ్‌లో గ్లులామ్ (పలకల్ని ఒకే దిక్కున పేర్చి అతికించిన) బీమ్‌కి నిమిషానికి 0.7 మిల్లీమీటర్లు. 90 నిమిషాలకి 63, దాని వెనక వేడెక్కి బలం పోయిన పొర ఇంకో 7, మొత్తం 70. బీమ్ 280 వెడల్పు ఉంటే రెండు పక్కలా 70 పోయినా మధ్యలో 140 మిగులుతుంది, ఆ 140 తో, కింద కూడా 70 తగ్గించిన ఎత్తుతో, అగ్ని సమయంలో ఉండే లోడ్‌ని మోస్తే పాస్. అంటే మంటకోసం పైన ఏదో పూయడం కాదు, పోయే మందం ముందే కలిపి కొంటున్నాం.

కానీ ఇందులో మెలికలున్నాయి, అవి చెప్పకుండా వదిలేసేవాళ్ళని నమ్మొద్దు. బీమ్ బాగానే ఉంటుంది, బీమ్‌ని కాలమ్‌కి కలిపే ఇనుప ప్లేటు? అది వేడెక్కిందంటే చుట్టూ ఉన్న చెక్కని లోపలినుంచే కాల్చేస్తుంది, కాబట్టి ప్లేటు చెక్క లోపల దాగాలి, దాని ముందు ఆ 70 మిల్లీమీటర్ల చెక్క ఉండాలి, బీమ్ చివరికీ కాలమ్‌కీ మధ్య ఉండే చిన్న సందులోంచి కూడా వేడి పోకుండా ఉబ్బే సీల్ పెట్టాలి. డ్రాయింగ్‌లో ఆ సందు ఒక గీత మాత్రమే, ఎవరూ పట్టించుకోరు. రెండోది జిగురు, పాత రకం జిగుర్లలో కొన్ని వేడికి మెత్తబడి, బొగ్గయిన పొర ఊడి కింద పడి, లోపలి కొత్త చెక్క మంటకి దొరికేది, మంట ఆరబోతూ మళ్ళీ లేచేది. అందుకే ఉత్తర అమెరికా సీఎల్‌టీ స్టాండర్డ్ 2018 ఎడిషన్‌లో మంటలో పొర ఊడని జిగురే వాడాలని పెట్టారు. మీ సప్లయర్‌ని జిగురు ఏదని, ఏ టెస్టు పాసైందని అడగండి, నీళ్ళు నమిలితే వేరేవాళ్ళని చూసుకోండి.

కోడ్ విషయంలో, మీరు ఏ కోడ్ కింద ఉన్నారో రాయలేదు, ఉదాహరణకి అమెరికా వాళ్ళ ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ తీసుకుంటే 2021 ఎడిషన్‌లో మాస్ టింబర్‌కి (సీఎల్‌టీ, గ్లులామ్ లాంటి లావుపాటి చెక్క కట్టడాలకి) మూడు కొత్త టైపులు వచ్చాయి: చెక్క అంతా బయటికి కనపడొచ్చు అనే టైప్ ఆఫీసులకి 9 అంతస్తులదాకా, కొంత కప్పాలి అనేది 12 దాకా, మొత్తం జిప్సం బోర్డుతో కప్పేయాలి అనేది 18 దాకా, అన్నిట్లో స్ప్రింక్లర్లు ఉండాల్సిందే. మీది ఏడంతస్తులే కదా, 9 లోపలే ఉంది, చెక్క అంతా చూపించేయొచ్చు అనుకుంటారు, ఇక్కడే చాలామంది పడతారు. ఆ టైప్‌కి అంతస్తుల లిమిట్‌తో పాటు ఎత్తు లిమిట్ 85 అడుగులు, అంటే సుమారు 25.9 మీటర్లు. ఏడంతస్తులు ఒక్కోటి 3.9 వేసుకుంటే 27.3. అయిపోయింది, పై టైప్‌లోకి వెళ్ళారు. పైన చెప్పిన లావు బీముల వల్ల ఫ్లోర్ హైట్ 20 సెంటీమీటర్లు పెరిగితే మీ ఫైర్ కేటగిరీయే మారిపోవచ్చు, గ్రిడ్ ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడండి. మీ కోడ్ వేరే అయినా ఇలాంటి గీత ఒకటి ఎక్కడో ఉంటుంది, మొదటి వారంలోనే వెతకండి.

అసలు మంట ప్రమాదం ఎక్కువ ఉండేది బిల్డింగ్ వాడేటప్పుడు కాదు, కట్టేటప్పుడు. స్ప్రింక్లర్లలో నీళ్ళుండవు, జిప్సం బోర్డు ఇంకా కొట్టలేదు, తలుపులు లేవు, పైన ఎవడో వెల్డింగ్ చేస్తుంటాడు. నా సైట్లలో ఫ్రేమ్ మీద వెల్డింగ్ నిషేధం, అన్నీ బోల్టులూ స్క్రూలే, తప్పనిసరైతే పర్మిట్ రాసి పక్కన మనిషిని నిలబెట్టి పని అయ్యాక కూడా గంట సేపు అక్కడే ఉండమంటా. ఇన్సూరెన్స్ వాళ్ళని కూడా డిజైన్ మొదట్లోనే కూర్చోబెట్టండి, చివర్లో వెళ్తే ప్రీమియం వినగానే క్లయింట్ కాంక్రీట్‌కి తిరిగిపోతాడు, అలా ఆగిపోయిన ప్రాజెక్టు నాకు తెలుసు.

ఇప్పుడు నీళ్ళు. ఇది కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది.

కొన్నేళ్ళ కిందట ఒక ఆరంతస్తుల ఆఫీస్, ఫ్రేమ్ ఎక్కించడం అనుకున్నదానికంటే ముందే అయిపోతోంది, అందరం ఖుషీగా ఉన్నాం. నాలుగో ఫ్లోర్‌లో డక్ట్ కంత ఒకటి, మనుషులు పడకుండా పైన ప్లైవుడ్ వేశారు గానీ అంచులకి టేప్ వేయలేదు. శుక్రవారం సాయంత్రం వర్షం, సోమవారం పొద్దుదాకా తగ్గలేదు. వచ్చి చూస్తే పైన నిలిచిన నీళ్ళు లేవు, బాగుందనుకుని రబ్బరు తుడుపుతో రెండు చోట్ల తోసేసి పనిలో పడ్డాం. పది రోజుల తర్వాత రెండో ఫ్లోర్‌లో ఒక కాలమ్ మొదట్లో చెయ్యంత మేర టీ మరకలాంటి రంగు కనపడింది. మాయిశ్చర్ మీటర్ పిన్నులు గుచ్చితే 27 శాతం తేమ. రెండు చేతుల ఎత్తున గుచ్చితే 14. అంటే కాలమ్ నిలువునా తడవలేదు, అడుగునుంచి పీల్చుకుంది. నీళ్ళు నాలుగో ఫ్లోర్ కంత అంచునుంచి ప్యానెళ్ళ జాయింట్‌లోకి దిగి, అక్కడినుంచి కింద అంతస్తు మీదుగా జారి, కాలమ్ అడుగున ఇనుప బేస్ గిన్నెలాగా ఉంటే అందులో నిలబడిపోయాయి. చెక్క పక్కలనుంచి తడవడం వేరు, కోసిన కొసనుంచి తడవడం వేరు, కొస అంటే స్ట్రాల కట్ట లాంటిదే, పీల్చేస్తుంది.

ఫ్యాక్టరీనుంచి చెక్క 12 శాతం తేమతో వస్తుంది. 20 దాటి అలాగే వారాల తరబడి ఉండిపోతే బూజు, ఆ తర్వాత కుళ్ళు. 27 అంటే తొందర పడాలి, కానీ తొందరపడి హీటర్లు పెట్టి ఒక్కసారిగా ఎండబెడితే నిలువునా పగుళ్ళు వస్తాయి. బేస్ చుట్టూ విప్పి, ఫ్యాన్లూ డీహ్యూమిడిఫయరూ పెట్టి, రోజూ పొద్దున్నే మీటర్ గుచ్చి గోడ మీద చాక్‌పీస్‌తో రాసుకుంటూ పోయాం, 27, 26, 26, 24... 16 కి రావడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ ఆ ఫ్లోర్‌లో టాపింగ్ (ప్యానెల్ మీద పోసే కాంక్రీట్ పొర) పోయలేదు, ఎందుకంటే తడి చెక్క మీద కాంక్రీట్ పోసి మూసేస్తే ఆ తడి ఇక బయటికి రాదు, లోపలే కుళ్ళుతుంది, పైకి ఏమీ కనపడదు. ఫ్రేమ్‌లో మిగిల్చుకున్న టైమంతా ఆ ఒక్క టేప్ ముక్క తినేసింది. తప్పు ఎవరిదని మీటింగుల్లో చాలా మాటలయ్యాయి, సైట్ ఇంజినీర్‌గా లిస్టులో కంతలకి టేప్ అనే లైన్ రాయనిది నేనే.

ఆ తర్వాతనుంచి నేను చేసేది: ప్యానెల్ ఫ్యాక్టరీలోనే పైన పొర అంటించి పంపమంటా, జాయింట్లకి ప్యానెల్ వేసిన రోజే టేప్, కాలమ్ బేస్‌లకి నీళ్ళు పోయే రంధ్రం, బీమ్ కాలమ్ కొసలన్నిటికీ సీలర్, ప్రతి ఫ్లోర్‌కి నీళ్ళు ఎటు పోవాలో తాత్కాలిక డ్రెయిన్ ప్లాన్, వర్షం ఆగిన రెండు గంటల్లో నీళ్ళు తోయడానికి పేరు రాసి ఉన్న ఇద్దరు మనుషులు. "అందరి బాధ్యత" అని రాస్తే ఎవరూ రారు, పేరు రాయాలి. బిల్డింగ్ అయ్యాక కూడా టాయిలెట్లు, పాంట్రీలు, ఫ్లాట్ రూఫ్, ఇవే చెక్కకి శత్రువులు, టాయిలెట్లన్నీ కోర్ (లిఫ్టులూ మెట్లూ ఉండే గోడల గూడు) పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టించండి, కింద లీక్ సెన్సర్ పెట్టండి. చెదలుండే చోట అయితే గ్రౌండ్ ఫ్లోర్ కాంక్రీట్‌లోనే కట్టి చెక్కని మట్టికి దూరంగా పైనుంచి మొదలుపెట్టడం మంచిది.

టైమ్. నిజంగానే కలిసొస్తుంది, ఇందులో గాలి కబుర్లు లేవు. ఆస్ట్రియాలో డోర్న్‌బిర్న్‌లో 2012 లో కట్టిన ఎల్‌సీటీ వన్ అనే ఎనిమిదంతస్తుల ఆఫీస్, చెక్కా కాంక్రీటూ కలిపిన రెడీమేడ్ ఫ్లోర్ ముక్కలతో పైకి లేపడం ఎనిమిది రోజుల్లో అయిపోయింది. మినియాపొలిస్‌లో 2016 నాటి టీ3 అనే ఏడంతస్తుల ఆఫీస్, కింద ఒక అంతస్తు కాంక్రీట్, పైన ఆరు చెక్క, ఆ చెక్క ఫ్రేమ్ పది వారాల్లోపు ఎక్కించారు, అందులో వాడిన చెక్కలో చాలా భాగం పైన్ బీటిల్ పురుగు చంపేసిన చెట్లది, వాటి ఫ్లోర్లు సీఎల్‌టీ కూడా కావు, పలకల్ని నిలువుగా పక్కపక్కన పెట్టి మేకులు కొట్టినవి. వాంకూవర్‌లో బ్రాక్ కామన్స్ అనే 18 అంతస్తుల హాస్టల్‌లో కూడా చెక్క పని 70 రోజుల్లోపే అయింది. క్యూరింగ్ లేదు, సెంట్రింగ్ లేదు, ఒక క్రేన్, పదిమంది లోపు మనుషులు, చప్పుడు కూడా తక్కువ.

అయితే ఈ రోజుల లెక్క క్రేన్ మొదటి ప్యానెల్ ఎత్తినప్పటినుంచి. దానికి ముందు మోడల్ ఫ్రీజ్, షాప్ డ్రాయింగులు, ఫ్యాక్టరీ క్యూ, రవాణా, ఆ నెలలు ఎవరూ బ్రోచర్‌లో వేయరు. పైగా ఫ్రేమ్ పది వారాల్లో అయిపోయి అద్దాలవాళ్ళు మూడు నెలల తర్వాత వస్తానంటే ఏం లాభం, ఆ మూడు నెలలు చెక్క వర్షంలో నిలబడి ఉంటుంది, పైన రాసిన కథ మళ్ళీ మొదలు. ఫ్రేమ్ స్పీడ్‌ని మిగతా పనులు అందుకోగలిగితేనే టైమ్ మిగిలినట్టు. లిఫ్టూ ముఖభాగం ఆర్డర్లు ఫ్రేమ్‌తో పాటే వెళ్ళాలి.

ఇంకొకటి, లిఫ్ట్ కోర్ కాంక్రీట్‌లో పోస్తారు కదా, చాలా వరకు ఆఫీసులు అలాగే కడతారు, తప్పేం లేదు. కానీ కాంక్రీట్ వాళ్ళకి 20 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే "బాగానే వచ్చింది" అంటారు, చెక్క ప్యానెల్ 2 మిల్లీమీటర్లలో కోసి వస్తుంది. ఒకసారి కోర్ గోడలో పాతిన ప్లేటు 22 మిల్లీమీటర్లు లోపలికి పోయింది, ప్యానెల్ క్రేన్‌కి వేలాడుతోంది, కింద లారీ వెయిటింగ్, ఫోర్‌మన్ మోకాళ్ళ మీద కూర్చుని టేపు పెట్టి కొలుస్తూ నావైపు చూస్తున్నాడు. ఆ రోజుకి దించేశాం. ఇప్పుడు కోర్ అయ్యాక సర్వే చేయించి, ప్లేట్లన్నీ పొడుగు కంతలతో, షిమ్ ప్లేట్లకి (సందు నింపే పల్చటి ప్లేట్లకి) 30 మిల్లీమీటర్ల ఖాళీతో డిజైన్ చేయిస్తా.

కోర్ పక్కన ఇంకో చిక్కు, చెక్క కుంచించుకుపోవడం. నిలువు నార వెంబడి దాదాపు ఏమీ ఉండదు, అడ్డంగా అయితే తేమ ఒక శాతం తగ్గితే సుమారు 0.24 శాతం తగ్గుతుంది. కింద కాలమ్ మీద 600 మిల్లీమీటర్ల ఎత్తు బీమ్ పెట్టి దాని మీద పై కాలమ్ నిలబెట్టారనుకోండి, ఏసీలో తేమ 12 నుంచి 8 కి దిగితే ఒక్కో బీమ్ దగ్గర దాదాపు 6 మిల్లీమీటర్లు, ఏడంతస్తులకి 40. కోర్ కదలదు, పక్కన ఫ్లోర్ 40 దిగింది, లిఫ్ట్ గుమ్మం దగ్గర మెట్టు తయారు. కాలమ్ మీద కాలమే కూర్చోవాలి, బీమ్ పక్కనుంచి తగులుకోవాలి. డిటైల్ ఒక్కటి మారిస్తే పోయే సమస్య.

సౌండ్ గురించి క్లుప్తంగా, ఒట్టి ప్యానెల్ మీద పైవాళ్ళ నడక కిందకి బాగా వినపడుతుంది, రబ్బరు మ్యాట్ వేసి పైన స్క్రీడ్ (సమం చేయడానికి పోసే సిమెంట్ పొర) లేదా రైజ్డ్ ఫ్లోర్ పెట్టకుండా అద్దెకివ్వలేరు. ఆ స్క్రీడ్ 75 మిల్లీమీటర్లు అంటే చదరపు మీటరుకి దాదాపు 180 కిలోలు, ప్యానెలే 90 కిలోలు, "చెక్క తేలిక, పునాది తగ్గుతుంది" అని లెక్కేసినవాళ్ళు ఇది కలుపుకోవడం మర్చిపోతారు. కలిపినా 600 కిలోల కాంక్రీట్ స్లాబ్‌లో సగం కంటే తక్కువే అనుకోండి. ఎత్తు పెరిగితే తేలిక కూడా సమస్యే, నార్వేలో 85.4 మీటర్ల మ్యోస్తోర్నెట్ అనే చెక్క టవర్ 2019 లో పూర్తయింది, దాని పై ఏడు అంతస్తుల ఫ్లోర్లు కావాలనే కాంక్రీట్‌లో వేశారు, గాలికి ఊగకుండా బరువు కోసం. ఏడంతస్తుల మీకు ఆ బాధ లేదు.

గ్రీనేనా. అవును, కానీ బ్రోచర్ రాసినంత కాదు. ఘనమీటరు స్ప్రూస్ ప్యానెల్‌లో ఎండు చెక్క బరువు 420 కిలోలు వేసుకోండి, అందులో సగం కార్బన్, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌లోకి మారిస్తే దాదాపు 770 కిలోలు. చెట్టు గాల్లోంచి పీల్చి పెట్టుకున్నది అది, నిజమే. సేల్స్‌వాళ్ళు ఏం చేస్తారంటే తయారీలో వెలువడినదాంట్లోంచి ఈ 770 తీసేసి "కార్బన్ నెగటివ్ బిల్డింగ్" అంటారు. ఆ చెక్క ఒక రోజు కాలిపోతే, కుళ్ళిపోతే అదంతా వెనక్కి వెళ్ళిపోతుంది, అందుకే యూరప్ లెక్క పద్ధతిలో మొదట తీసేసింది చివర్లో మళ్ళీ కలపాలి. నా పద్ధతి ఏంటంటే, క్లయింట్‌కి రెండు అంకెలు విడివిడిగా రాసిస్తా, కట్టడంలో గాల్లోకి వెళ్ళింది ఎంత, చెక్కలో దాచింది ఎంత, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయను. మొదటి అంకె ఒక్కటే చూసినా అదే పనికి కాంక్రీట్ ఫ్రేమ్ కంటే చెక్క ఫ్రేమ్ మామూలుగా తక్కువే వస్తుంది, అతిశయోక్తి అవసరమే లేదు. చెక్క ఎక్కడిదన్నది ముఖ్యం, ఎఫ్‌ఎస్‌సీ లేదా పీఈఎఫ్‌సీ (అడవిని సరిగా చూసుకుంటూ కోసిన చెక్క అని చెప్పే) సర్టిఫికెట్ మీ ఆర్డర్ నంబర్‌తో ఇవ్వమనండి, కంపెనీ గోడకి వేలాడేది కాదు. అడవి మళ్ళీ పెరగకపోతే ఈ లెక్కంతా బూటకం.

ఇంకా, అవసరానికి మించి చెక్క వాడితే "ఎక్కువ దాచాం" అని చంకలు గుద్దుకునేవాళ్ళున్నారు. నాకు అది నచ్చదు, తక్కువ చెక్కతో పని అయితే మిగిలినదాంతో ఇంకో బిల్డింగ్ కట్టొచ్చు. స్క్రూలూ బోల్టులతో కట్టినది రేపు విప్పి మళ్ళీ వాడొచ్చు, కాంక్రీట్‌తో కలిపి అతికించేస్తే వైబ్రేషన్‌కి బాగుంటుంది గానీ విప్పడం కష్టం, ఇక్కడ ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

క్వాలిటీ మీద ఒక మాట. ఫ్యాక్టరీలో చేశారు కదా అని కళ్ళు మూసుకోవద్దు. 2018 లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో ఫారెస్ట్రీ కాలేజీ బిల్డింగ్ కడుతుండగా ఒక సీఎల్‌టీ ప్యానెల్ పొరలు విడిపోయి కింది ఫ్లోర్ మీద పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. ప్రెస్ అయ్యేలోపే జిగురు గట్టిపడటం మొదలైంది, సరిగా పట్టలేదు. మీ ప్యానెల్ నంబర్ల వారీగా ప్రెస్ రికార్డులూ జిగురు టెస్టులూ ఆర్డర్‌లోనే రాయించుకోండి, తర్వాత అడిగితే ఇవ్వరు.

ఖర్చు గురించి మీ ఎస్టిమేటర్ స్లాబ్‌కి స్లాబ్ పోలిస్తే చెక్క ఓడిపోతుంది, అది ముందే చెప్తున్నా. పునాది, సైట్ అద్దెలు, ఫాల్స్ సీలింగ్ లేకపోవడం, ముందు అద్దె మొదలవడం అన్నీ ఒకే షీట్‌లో వేయించండి. అప్పుడూ కొన్నిసార్లు కాంక్రీటే నెగ్గుతుంది, ముఖ్యంగా 12 మీటర్ల పైన కాలమ్ లేని హాలు కావాలన్నా, వైబ్రేషన్ పడని ల్యాబ్ ఉన్నా, అలాంటప్పుడు చెక్క కోసం పట్టుబట్టొద్దు, కొంత స్టీల్ కలపండి.

మీ బాస్‌కి ఇదంతా చదివి వినిపించలేరు గానీ, ఒక్క పని చేయండి. టిపికల్ ఫ్లోర్‌లో ఒకే ఒక్క బే (నాలుగు కాలమ్స్ మధ్య గడి) తీసుకుని 9×9, 6×9, 4.5×9 మూడూ గీయండి, ప్రతిదానికీ డక్టూ స్ప్రింక్లర్ పైపూ పెట్టిన సెక్షన్ ఒకటి, కింద ఫ్లోర్ హైట్, పక్కన మొత్తం బిల్డింగ్ ఎత్తు. మూడు ఎత్తులూ పక్కపక్కన కనపడితే ఆయనే గ్రిడ్ మారుస్తారు. ఆ సెక్షన్లు నాకూ పెట్టండి, బీమ్ సైజులు చూసి చెప్తా.